ఇక్కడ చూసి గీస్తేనే మార్కులు

(ఆర్కిటెక్చర్‌లో చేరాలనుకునే ఇంటర్ విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు పోర్ట్‌ఫోలియో గురించి, అంటే తాము గీసినవీ చేసినవీ ఎంచి పేర్చిన సంకలనం గురించి, విజయవాడలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ నుంచి టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఈ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆ చివరి వరసలో ఒకమ్మాయి ఏదో గీసుకుంటోంది. ఆపకమ్మా, గీసుకో. ఇవాళ ఈ హాల్లో అసలు పని చేస్తున్నది నువ్వొక్కదానివే.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఇంటర్ పరీక్షలో చూసి రాస్తే ఏం చేస్తారు? డిబార్ చేస్తారు. ఒకటో క్లాసు నుంచి మీకు చెప్పి చెప్పి పెంచాం, చూసి రాయకు, చూసి రాయకు అని. ఆర్కిటెక్చర్ గడప దగ్గరికొచ్చేసరికి ఇది తలకిందులవుతుంది. ఇక్కడ చూసి గీయాలి. చూడకుండా గీస్తేనే తప్పు. సరే, దేన్ని చూసి? ఫోన్లో ఎవరో గీసిన బొమ్మని చూసి కాదు. ఎదురుగా ఉన్న చెంబుని చూసి, మీ ఇంటి మెట్లని చూసి, బస్టాండులో నిలబడ్డ మనిషిని చూసి. ఈ పూట నేను చెప్పేదంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు తల్లిదండ్రుల సంగతి చూద్దాం. మీ అనుమానాలు తీరకపోతే మీరు మిగతాది వినరు, నాకు తెలుసు. మన ఈఏపీసెట్ ర్యాంకుతో బి.ఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ, సీటు రాదు. ఐదేళ్ల కోర్సు ఇది, దీని దారి వేరు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ 2006 నుంచి నాటా అనే పరీక్ష పెడుతోంది. ఆ స్కోరూ, ఇంటర్ మార్కులూ కలిపి మన రాష్ట్రాల్లో ర్యాంకు వేస్తారు. ఎన్‌ఐటీలకి, మన విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌కి, ఢిల్లీ, భోపాల్‌లో ఉన్నవాటికి జేఈఈ మెయిన్‌లో పేపర్ 2ఏ రాయాలి. పేపర్ 1 రాసి ఊరుకుంటే కుదరదు. దరఖాస్తు నింపేటప్పుడే 2ఏ టిక్కు పెట్టాలి. ఏటా కొంతమంది అక్కడే పోగొట్టుకుంటారు. ఇక ఐఐటీల్లో బి.ఆర్క్ ఉన్నవి ఖరగ్‌పూర్, రూర్కీ, వారణాసి. వాటికి జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కాక ఏఏటీ అని మూడు గంటల పరీక్ష ఉంటుంది. దానికి విడిగా ర్యాంకు లేదు, పాసా కాదా అంతే.

బైపీసీ పిల్లలెవరైనా ఉన్నారా? ఉన్నారు, సరే. లెక్కలు లేకుండా బి.ఆర్క్ లేదు నాయనా. ఫిజిక్సు కూడా ఉండాలి. ఈ మాట ఇవాళే తెలియడం మంచిది.

పేపర్ 2ఏ మొత్తం 400 మార్కులు. లెక్కలకి 100, ఆప్టిట్యూడ్‌కి 200, డ్రాయింగ్‌కి 100. డ్రాయింగ్‌లో ప్రశ్నలు రెండే, కాగితం మీద పెన్సిలుతో గీయాలి. నాటా 200 మార్కులకి. 2025 బ్రోషర్ ప్రకారం అందులో 80 మార్కులు చేత్తో చేసే పనికి, తొంభై నిమిషాలు. రంగుల కూర్పుకి 25, నలుపు తెలుపు స్కెచ్‌కి 25, వాళ్లిచ్చిన సామానుతో అక్కడికక్కడ త్రీడీ కూర్పు చెయ్యడానికి 30. మిగతా 120 కంప్యూటర్ మీద. నియమాలు ఏటా కాస్త కదులుతాయి కాబట్టి మీరు రాసే ఏడు బ్రోషర్ మీరే చదువుకోండి. కోచింగ్ సెంటరు కరపత్రం చదివి బ్రోషర్ చదివామనుకోవద్దు.

ఇందులో పోర్ట్‌ఫోలియో మాట ఎక్కడైనా వచ్చిందా? రాలేదు. మన కౌన్సెలింగ్‌లో పోర్ట్‌ఫోలియో అడగరు. మరి ఎందుకీ గొడవ అంటారా? అమెరికాలో బి.ఆర్క్‌కో, ఇంగ్లండులో ఆర్కిటెక్చర్ డిగ్రీకో దరఖాస్తు పెట్టే పిల్లలు మన దగ్గర పెరుగుతున్నారు. అక్కడ చాలా స్కూళ్లు అడిగే మొదటి వస్తువు అదే. ఇక ఇక్కడే చదివేవాళ్ల సంగతి. పోర్ట్‌ఫోలియో కోసం ఏడాది పాటు ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీసిన చేతికి ఆ తొంభై నిమిషాలు చాలా తేలిక. సూర్యాస్తమయం, కొండలు, గుడిసె, కొబ్బరిచెట్టు బట్టీపట్టి వెళ్లిన చేతికి, "వంతెన కింద నిలబడి పైకి చూస్తే కనిపించేది గీయండి" అంటే చెమటలు పడతాయి.

ఇప్పుడు పోర్ట్‌ఫోలియోలోకి వద్దాం. ఏం పెట్టాలి?

ఏం పెట్టకూడదో ముందు చెప్పేస్తాను, అది తొందరగా అయిపోతుంది. హీరో ముఖం పెన్సిల్ స్కెచ్. గళ్లు గీసుకుని ఫోటోలోంచి దించింది. అమ్మా నాన్నా ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు, బంధువులు మెచ్చుకున్నారు, అన్నీ నిజమే. చూసేవాళ్లకి మాత్రం అందులో మీరు కనిపించరు. ఫోటో తీసినవాడి కన్ను కనిపిస్తుంది, మీ ఓపిక కనిపిస్తుంది. గుండ్రటి మండలా డిజైన్లు, వినాయకుడి పది రూపాలు, ఇంటర్నెట్‌లో దొరికిన విల్లాకి నకలు, ఇవీ అంతే. సాఫ్ట్‌వేర్‌లో పెదనాన్నగారబ్బాయి చేసిపెట్టిన త్రీడీ ఇల్లు అసలొద్దు. ఏఐతో చేయించిన బొమ్మ మీ పేరున పంపడం మోసం కిందికొస్తుంది. సీటు వచ్చాక బయటపడినా సీటు పోవచ్చు.

పెట్టాల్సినదానికి ఒక ఉదాహరణ తీసుకుని నెమ్మదిగా చెబుతాను. మీ ఇంటి మెట్లు. మేడ మెట్లు ఎవరింట్లో ఉన్నాయి? చాలామంది ఇళ్లలో ఉన్నాయి. రోజూ ఎక్కి దిగుతారు. అన్ని మెట్లూ ఒకే ఎత్తున్నాయా? ఎవరైనా కొలిచారా?

ఐదు మీటర్ల టేపు తీసుకోండి. హార్డ్‌వేర్ కొట్లో దొరికే స్టీలు టేపు, దర్జీ టేపు కాదు, అది సాగుతుంది. ముందు కింద గచ్చు నుంచి పై గచ్చు దాకా మొత్తం ఎత్తు కొలవండి. ఇది మొదట ఎందుకు? ఒక్కో మెట్టూ కొలిచి కూడితే మెట్టుకి రెండు మిల్లీమీటర్లు తప్పొచ్చినా పద్దెనిమిది మెట్లకి 36 తప్పొస్తుంది. మొత్తం కొలత చేతిలో ఉంటే తప్పు పట్టుబడుతుంది. మూడు మీటర్ల ఆరు సెంటీమీటర్లు ఉందనుకుందాం. పద్దెనిమిది మెట్లు. భాగిస్తే మెట్టుకి 170 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఒక్కొక్కటీ కొలవండి. మధ్యవన్నీ 170 వస్తాయి. మొదటిది 150 వస్తుంది, చివరిది 190 వస్తుంది. చాలా ఇళ్లలో ఇలాంటి తేడా దొరుకుతుంది. ఎందుకో చెప్పండి చూద్దాం?

మేస్త్రీ తప్పు అంటున్నారు. పాపం, ఆయన కాంక్రీటు పోసినప్పుడు అన్నీ సమానంగానే పోసుంటాడు. తర్వాత ఏమైంది? గదుల్లో గచ్చు మీద మాలు పరిచి టైల్స్ వేశారు, యాభై మిల్లీమీటర్లు లేచింది. మెట్ల మీద పల్చగా మాలు వేసి గ్రానైట్ పెట్టారు, ముప్ఫై లేచింది. కింద గచ్చు యాభై లేచి మొదటి మెట్టు ముప్ఫయ్యే లేస్తే, ఆ మెట్టు ఇరవై తగ్గిపోతుంది. పైన గచ్చు యాభై లేచి, దాని కింది మెట్టు ముప్ఫయ్యే లేస్తే, చివరిది ఇరవై పెరుగుతుంది. మేడెక్కేటప్పుడు మీ నాయనమ్మగారికి ఎప్పుడూ ఆ ఆఖరి మెట్టు దగ్గరే కాలు తగులుతుందా? కారణం ఇదీ. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్లకి మెట్టు ఎత్తు 190 దాటొద్దంటుంది, కాలు పెట్టే వెడల్పు 250కి తగ్గొద్దంటుంది. ఆ లెక్కన చూస్తే చివరి మెట్టు గీత దాటలేదు. అయినా కాలు తగులుతుంది. కాలికి కోడ్ తెలియదు, కింది మెట్టు ఎంతుందో అంతే తెలుసు.

దీన్ని 1:20 స్కేల్‌లో గీయండి. మధ్యలో ల్యాండింగ్ ఉంటే ఒక వరసకి తొమ్మిది మెట్లు, ఎత్తు సగటున 1,530 మిల్లీమీటర్లు. ఇరవయ్యో వంతు అంటే కాగితం మీద 76 మిల్లీమీటర్ల చిల్లర. అడ్డంగా కాలు పెట్టే చోట్లు ఎనిమిది, 250 చొప్పున రెండు మీటర్లు, కాగితం మీద 100. ఏ4 కాగితంలో హాయిగా పడుతుంది, పక్కన రాసుకోవడానికి చోటు కూడా మిగులుతుంది. తేడా ఉన్న మెట్టుని ఒక్కదాన్నే పక్కన పెద్దది చేసి 1:5లో గీయండి, గ్రానైటు, మాలు, కాంక్రీటు విడివిడిగా కనిపించేలా. కింద ఆ పెద్దావిడ చెయ్యి గోడకి ఎక్కడ ఆనించి ఎక్కుతుందో చిన్న స్కెచ్. అక్కడ గోడకి మరక పడి ఉంటుంది, చూడండి. ఆ మరక ఎంత ఎత్తులో ఉందో కొలిచి రాయండి. రెయిలింగ్ ఎంత ఎత్తులో పెట్టాలో ఆ మరకే చెబుతోంది.

ఇదొక పేజీ. దీనికి ఆర్ట్ క్లాసులకి వెళ్లక్కర్లేదు, ఖరీదైన రంగులక్కర్లేదు. ఏ కంప్యూటర్లో వెతికినా దొరకదు, ఎందుకంటే ఆ మెట్లు మీ ఇంట్లోనే ఉన్నాయి. లండన్‌లో కూర్చున్నవాడికైనా, న్యూయార్క్‌లో కూర్చున్నవాడికైనా ఇది చూడగానే అర్థమవుతుంది.

రెండోది మనుషులు. పండిట్ నెహ్రూ బస్టాండుకి వెళ్లి ఏ ప్లాట్‌ఫామ్ దగ్గరైనా నిలబడండి. మీరు నిలబడి చూస్తే, మీ ఎత్తున్న మనుషుల కళ్లన్నీ ఒకే గీత మీద ఉంటాయి. దగ్గరున్నవాళ్లు పెద్దగా ఉంటారు, దూరంవాళ్లు చిన్నగా ఉంటారు, కళ్లు మాత్రం అదే గీత మీద. కాళ్లు పైకి జరుగుతూ పోతాయి. ఇప్పుడు బెంచీ మీద కూర్చోండి. ఆ గీత ఎక్కడికి దిగింది? నిలబడ్డవాళ్ల ఛాతీ దగ్గరికి. దగ్గరవాడికీ ఛాతీ దగ్గరే, దూరంవాడికీ ఛాతీ దగ్గరే. పర్‌స్పెక్టివ్ అని పుస్తకాల్లో నలభై పేజీలు రాసేది చాలావరకు ఇదే. ఒకే చోటు, ఒకటి నిలబడి, ఒకటి కూర్చుని, రెండు స్కెచ్‌లు పక్కపక్కన పెట్టండి. పదేసి నిమిషాలు చాలు. బస్సు వెళ్లిపోతే సగంలో ఆపేయండి. సగం గీసిన బస్సు పర్వాలేదు. ఇంటికెళ్లి ఊహించి పూర్తి చేసిన బస్సు తెలిసిపోతుంది.

మూడోది వస్తువులు. స్టీలు చెంబు. మూతి దగ్గరి గుండ్రం సన్నగా కనిపిస్తుంది, అడుగు దగ్గరిది ఇంకాస్త విచ్చుకుని కనిపిస్తుంది, ఎందుకంటే అది కంటికి ఇంకా కిందుంది. పదిమందిలో తొమ్మిది మంది అడుగుని సరళరేఖ గీసేస్తారు. బల్ల మీద ఉంది కదా, బల్ల చదును కదా అని. అంటే చూసి గీయలేదు, తెలిసింది గీశారు. మడతమంచం, సైకిలు, గ్యాస్ స్టవ్, ఏదైనా సరే.

నాలుగోది చేత్తో చేసినవి. మోడల్ ఒకటి రెండు. సన్‌బోర్డ్ అనే నురుగు అట్టతో గానీ, మౌంట్‌బోర్డ్ అనే మందపాటి అట్టతో గానీ. కట్టర్ బ్లేడు మొండిబారితే సన్‌బోర్డ్ లోపలి నురుగు చిరుగుతుంది, అంచు ఎలక కొరికినట్టుంటుంది. కాబట్టి బ్లేడు ముక్క విరిచి కొత్త మొన తెచ్చుకోండి, స్టీలు స్కేలు ఆనించి ఒకేసారి నొక్కి కోయకుండా మూడుసార్లు తేలిగ్గా లాగండి. అంటించడానికి ఫెవికాల్, పల్చగా. తొందరపడి ఫెవిక్విక్ వాడితే చుట్టూ తెల్లగా బూజులా పేరుకుంటుంది. థర్మోకోల్‌కి రబ్బరు జిగురు పూస్తే థర్మోకోలే కరిగిపోతుంది, గుంటలు పడతాయి. బట్టలు కుట్టడం, వడ్రంగం, సైకిలు విప్పి బిగించడం, ఇలాంటివి వచ్చిన పిల్లలుంటే అవీ పెట్టండి. అల్లిన బుట్ట కూడా కట్టడమే.

ఇప్పుడు, అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగే చోటు. బొమ్మ బాగుంటుంది, దాని ఫోటో చెడగొడుతుంది. జిరాక్స్ షాపులో స్కాన్ చేయమంటే వాళ్లు అలవాటు కొద్దీ డాక్యుమెంట్ మోడ్‌లో కొడతారు. ఆధార్ కార్డుకి అది బాగుంటుంది. మీ పెన్సిల్ షేడింగ్‌కి? లేత బూడిద రంగంతా తెల్లబడిపోతుంది, ముదురుదంతా నల్ల మచ్చ అవుతుంది. ఫోన్ స్కానర్ యాప్‌లూ అదే పని చేస్తాయి. అడిగి మరీ చెప్పండి: ఫోటో మోడ్, కలర్, 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు. ఏ3 కాగితానికి 3508 ఇంటూ 4961 పిక్సెళ్లు రావాలి, లెక్క చూసుకోండి. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. వాట్సాప్‌లో పంపమంటే ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి. ఫోటోగా పంపితే అది నలిపేస్తుంది.

స్కానర్ దొరక్కపోతే వసారాలో, ఎండ నేరుగా పడనిచోట, కాగితాన్ని గోడకి అంటించి ఫోటో తీయండి. ట్యూబులైటు కింద తీస్తే రంగు మారుతుంది. బాగా నల్లగా గీసే 6బీ పెన్సిలు ఎదురు వెలుతురులో మెరుస్తుంది, వెలుతురు పక్కనుంచి రావాలి. ఫోను కాగితానికి సమాంతరంగా ఉండాలి, లేకపోతే కాగితం ఒక పక్క సన్నబడుతుంది.

మోడల్‌కి ఇంకో చిట్కా. అందరూ పైనుంచి తీస్తారు. అది డ్రోన్ కన్నుతో చూసినట్టుంటుంది. మోడల్ స్కేలు 1:50 అయితే, మనిషి కన్ను మీటరున్నర ఎత్తులో ఉంటుందనుకుంటే, మోడల్ నేల మీద నుంచి మూడు సెంటీమీటర్లు. ఫోన్ లెన్సుని ఆ మూడు సెంటీమీటర్ల దగ్గర పెట్టండి. ఫోన్ తలకిందులు చేస్తే లెన్సు కిందికొస్తుంది. అప్పుడు మోడల్ గది అవుతుంది. మొత్తం మోడల్ తీసేటప్పుడు మీదమీదకి వెళ్లకండి, వంకర్లు పోతుంది. రెండు మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టుకోండి. వెనక ఒక బూడిద రంగు చార్టు, గోడ నుంచి బల్ల మీదకి మడత పడకుండా వంచి. ఫ్లాష్ వద్దు.

పేజీలు పేర్చడం గురించి రెండు మాటలు. ఎన్ని పెట్టాలో స్కూలే చెబుతుంది. రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ 12 నుంచి 20 బొమ్మలు అడుగుతుంది, చాలా అమెరికన్ స్కూళ్లు ఆ చుట్టుపక్కలే. ఇరవై అన్నారు కదా అని ఇరవై నింపకండి. పద్నాలుగు మంచివుంటే పద్నాలుగే. పదిహేనోది బలహీనంగా ఉంటే చూసేవాళ్లకి అదే గుర్తుంటుంది. అన్నిటికంటే మంచిది మొదట, దాని తర్వాతది చివర. ఒక పేజీకి ఒక సంగతి. నల్ల బ్యాక్‌గ్రౌండు, పూల అంచులు, వంకర అక్షరాలు వద్దు. ఇవి పెళ్లి ఆల్బమ్‌లో బాగుంటాయి. బొమ్మ కింద నాలుగు వివరాలు: ఏమిటది, దేంతో గీశారు, అసలు సైజెంత, ఎప్పుడు గీశారు. స్నేహితులతో కలిసి చేస్తే మీ వాటా ఏదో రాయండి. ఫైలు ఎంత బరువుండొచ్చో స్కూలు రాస్తుంది, అది దాటితే వెబ్‌సైటు తీసుకోదు. ఆఖరి రాత్రి ఏ ఉచిత వెబ్‌సైట్‌లోనో పీడీఎఫ్ పిండితే గీతలన్నీ అలుక్కుపోతాయి. ముందే బొమ్మల్ని 150 డీపీఐకి దించి పేజీల్లో పెట్టుకుంటే ఆ గొడవుండదు.

తేదీలు. ఇక్కడే మన పిల్లలు దెబ్బతింటారు. ఇంగ్లండుకి యూకాస్ అనే ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ ద్వారా ఐదు కోర్సుల దాకా పెట్టుకోవచ్చు, మామూలు గడువు జనవరి. మీ గురించి మీరు రాసుకునే పర్సనల్ స్టేట్‌మెంట్ 2026 ప్రవేశాల నుంచి మూడు ప్రశ్నలుగా మారింది, మూడూ కలిపి నాలుగు వేల అక్షరాలు, ఖాళీలతో సహా. అమెరికా గడువులు ఎక్కువగా నవంబరు నుంచి జనవరి మధ్య. మనకి ఇంటర్ ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలు ఆ వెంటనే. జేఈఈ మొదటి విడత కూడా జనవరిలోనే. అంటే సెకండియర్ డిసెంబరులో కూర్చుని బొమ్మలు గీద్దామంటే జరగని పని. ఫస్టియర్ పరీక్షలయ్యాక వచ్చే వేసవి సెలవులు, అవీ మీ చేతిలో ఉన్న అసలు రోజులు. ఆ వేసవిలో మెట్లు, మోడల్, పెద్ద బొమ్మలు. కాలేజీ తెరిచాక రోజుకి ఇరవై నిమిషాలు, జేబులో పట్టే స్కెచ్‌బుక్. దసరా సెలవుల్లో స్కానింగ్, పేజీలు. సిఫారసు ఉత్తరాలు ఇచ్చే లెక్చరర్లని సెప్టెంబరులోనే అడగండి. హాస్టల్లో ఉంటే రాత్రి తొమ్మిదింటి దాకా స్టడీ అవర్స్, ఎప్పుడు గీయాలి సార్ అంటారు. మెస్‌లో క్యూలో నిలబడతారు కదా? ఆ క్యూని గీయండి.

తల్లిదండ్రులకి ఇంకొక్కటి, డబ్బు కట్టేముందు అడగాల్సింది. అమెరికాలో ఐదేళ్ల బి.ఆర్క్‌కి న్యాబ్ గుర్తింపు ఉందా చూడండి, ఆర్కిటెక్చర్ కోర్సులకి అక్కడ గుర్తింపునిచ్చే సంస్థ అది. నాలుగేళ్ల బీఎస్ డిగ్రీ అయితే అది సగం దారే, ఆపైన ఎం.ఆర్క్ చెయ్యాలి. ఇంగ్లండులో మూడేళ్ల డిగ్రీ ఒక్కదానితో ఆర్కిటెక్ట్ కారు, దానిపైన ఇంకా చదువుంది, ఆఫీసులో పనుంది. తిరిగొచ్చి ఇక్కడ ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టాలంటే 1972 చట్టం ప్రకారం కౌన్సిల్‌లో నమోదు కావాలి. ఆ డిగ్రీని కౌన్సిల్ ఒప్పుకుంటుందా అని వెళ్లేముందు అడగాలి. వచ్చాక అడిగితే లాభం లేదు.

కొన్ని స్కూళ్లు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేస్తాయి. ఇంగ్లీషు గడగడా రాదని భయపడుతున్నారా? వాళ్లు అడిగేది, ఈ మెట్టు ఎందుకు పెద్దది? ఈ మరక ఏంటి? మీరు కొలిచారు కాబట్టి మీకు తెలుసు. నెమ్మదిగా చెప్పండి, వింటారు. బట్టీపట్టిన పెద్ద పెద్ద మాటలు చెబితే, రెండో ప్రశ్నకే ఆగిపోతారు.

ఎవరో చీటీ పంపారు: "మా అబ్బాయికి బొమ్మలు రావు, అయినా ఆర్కిటెక్చర్ అంటున్నాడు." సార్, ఆ చెంబుని వారం రోజులు వరసగా గీయించండి, రోజుకొకటి, పాతది చెరపకుండా. ఏడోరోజు మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి చూడండి. అడుగు గుండ్రం వచ్చిందంటే చూడడం మొదలైనట్టే. ఆ రెండు బొమ్మలూ కలిపి పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చు కూడా.

నా సమయం అయిపోయిందంటున్నారు. ప్రశ్నలు తీసుకుందాం. ముందు ఆ చివరి వరసలో అమ్మాయీ, ఇందాకట్నుంచి ఏం గీస్తున్నావో ఆ పుస్తకం ఇటివ్వు తల్లీ. ముందు వరసవాళ్ల తలలు ఎక్కడికొచ్చాయో చూద్దాం.